వెలుగు తగలకూడని బొమ్మలు

మీ బడి ప్రయోగశాలలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఎలాంటి సీసాలో ఉంటుందో గమనించారా? ముదురు గోధుమరంగు సీసాలో. ఉప్పునీటిలో ఆ ద్రావణం నాలుగు చుక్కలు వేస్తే విరిగిన పెరుగులాంటి తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. పరీక్షనాళికను ఎండ తగిలే కిటికీలో పెట్టి కాసేపాగి చూడండి. తెలుపు పోయి ఊదారంగు వస్తుంది, ఆపైన నల్లబడుతుంది. కాంతి సిల్వర్ క్లోరైడ్‌ను విడగొట్టి సన్నని వెండి రేణువులను మిగులుస్తుంది. ఆ నలుపు వెండిదే!

ఇంత చిన్న రసాయనిక చర్య ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఎలా తిప్పలు పెట్టిందో వాళ్లు దాచుకున్న కాగితాలే చెబుతాయి. ఇంగ్లండులో లేకాక్ అబీ అనే పాత భవంతిలో ఉండేది టాల్బట్ కుటుంబం. కాగితం ముక్క కూడా పారవేయని మనుషులు. గీసిన బొమ్మలు, లెక్కల పుస్తకాలు, ఫోటోలు, అన్నీ పెట్టెల్లో చేరాయి. ఆ ఇంటి పెద్ద విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ రాసినవి, ఆయనకు వచ్చినవి కలిపి ఉత్తరాలే సుమారు 10,000 దొరికాయి.

వాటిలో 1833 అక్టోబరునాటి పెన్సిలు బొమ్మలున్నాయి. ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున టాల్బట్ గీసినవి. ఆయన భార్య కాన్‌స్టన్స్ చేతిలో బొమ్మ చక్కగా కుదిరేది. ఈయన గణితంలో దిట్టే కాని పెన్సిలు మాట వినేది కాదు. అందుకని కెమేరా ల్యూసిడా అనే సాధనం వాడాడు. ఒక చిన్న పట్టకాన్ని కాగితం పైన బిగిస్తారు. దానిలోంచి చూసే కంటికి ఎదుటి కొండలు, కింద ఉన్న కాగితం ఒకేచోట కనిపిస్తాయి. ఆ గీతల వెంట పెన్సిలు నడిపితే చాలు. కాని నడిపే చెయ్యి మనదే కద! బొమ్మలు కుదరలేదు. చెయ్యి ప్రమేయం లేకుండా దృశ్యమే కాగితం మీద తనంతట తాను దిగిపోతే ఎంత బాగుండును అని ఆయనకు తట్టింది అప్పుడే.

ఇంటికి వచ్చాక కాగితానికి ఉప్పునీరు పట్టించి, ఆరనిచ్చి, సిల్వర్ నైట్రేట్ పూశాడు. పైన ఒక ఆకునో, లేసు గుడ్డనో పెట్టి ఎండలో ఉంచితే చుట్టూ నల్లబడి ఆకు ఆకారం తెల్లగా మిగిలింది. అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆ బొమ్మను చూడాలంటే వెలుగు కావాలి. వెలుగులో పెడితే మిగిలిన తెలుపు కూడా నల్లబడి బొమ్మ మాయమవుతుంది!

దీనికి విరుగుడు కూడా ఉప్పులోనే దొరికింది. ఉప్పు తక్కువ పడిన చోట కాగితం త్వరగా నల్లబడుతోంది, ఎక్కువ పడిన చోట నెమ్మదిగా. అంటే పలచని ఉప్పునీటితో బొమ్మ తీయవచ్చు, చిక్కని ఉప్పునీటిలో ముంచి దానిని కొంతవరకు కాపాడుకోవచ్చు. 1834 డిసెంబరులో కాన్‌స్టన్స్ తోబుట్టువు లారా ముండీ టాల్బట్‌కు రాసిన ఉత్తరం ఈ సంగతికి సాక్ష్యం. వేసవిలో ఆయన ఇచ్చిన నీడల బొమ్మలు మెల్లగా మాయమైపోతుంటే బాధపడ్డాననీ, ఇప్పుడు పంపినవి చాలా బాగున్నాయనీ ఆమె రాసింది.

మరుసటి ఏడు చిన్న చిన్న చెక్కపెట్టెలకు కటకాలు బిగించి ఇంటి చుట్టూ పెట్టాడు. కాన్‌స్టన్స్ వాటికి ఎలుకబోనులని పేరు పెట్టింది. 1835 ఆగస్టులో ఇంటి కిటికీని తీసిన నెగటివ్ ఇంచుమించు తపాలా బిళ్లంత ఉంటుంది. కొత్తలో భూతద్దంతో చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కకు వచ్చేవని టాల్బట్ దాని పక్కనే రాసిపెట్టాడు.

ఇంత చేసి ఆయన లోకానికి చెప్పలేదు. 1839 జనవరిలో ఫ్రాన్సులో డాగేర్ లోహపు రేకు మీద ఫోటో తీశాడన్న వార్త వచ్చేసరికి గాభరాపడి తన బొమ్మలు బయటపెట్టాడు. తాను ముందే చేశానని ఎవరైనా చెప్పుకోవచ్చు. లారా ఉత్తరం మీద మాత్రం తేదీ ఉంది. ఇంటి కబుర్ల ఉత్తరం విజ్ఞానశాస్త్ర చరిత్రకు ఆధారమైందన్నమాట. ఆ నెలలోనే జాన్ హెర్షెల్ హైపోతో, అంటే సోడియం థయోసల్ఫేటుతో, బొమ్మను స్థిరపరచవచ్చునని చూపాడు. ఉప్పు సిల్వర్ క్లోరైడ్‌ను మందగింపజేస్తుంది, అంతే. హైపో అయితే దానిని కరిగించి కడిగివేస్తుంది.

అందుకే ఉప్పుతో కాపాడిన తొలి బొమ్మలకు గండం నేటికీ తప్పలేదు. వాటిలో సిల్వర్ క్లోరైడ్ ఇంకా ఉంది, వెలుగు సోకితే చర్య మళ్లీ సాగుతుంది. కుటుంబం దాచిన సామగ్రిలో కొంత 2006లో బ్రిటిష్ లైబ్రరీకి, మరికొంత 2014లో ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. కిటికీ నెగటివ్ బ్రాడ్‌ఫర్డు మ్యూజియం వారి సేకరణలో ఉంది. ఇలాంటివాటిని చీకటిలోనే భద్రపరుస్తారు.

మీ మాస్టారి సమక్షంలో మీరూ ఒక ఆకు బొమ్మ తీయండి. సిల్వర్ నైట్రేట్ కంట్లో పడకూడదు. వేలికి అంటితే నల్లమచ్చ కొన్ని రోజులు పోదు. బొమ్మను రెండుగా కత్తిరించి ఒక ముక్కను చిక్కని ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టండి. రెంటినీ పక్కపక్కనే కిటికీలో ఉంచి, ఏది ఎంతసేపటికి నల్లబడిందో రాసుకోండి. తేదీ వేయడం మరవకండి.