ఉష్ణగుండాలు

దూరప్రయాణం చేసినవారికే విశ్రాంతి విలువ తెలుస్తుంది. పూర్వం తీర్థయాత్రలకు వెళ్లేవారు నెలల తరబడి మజిలీలు చేస్తూ, నీటివసతి గల చోట డేరాలు వేసుకొనేవారు. 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరిగి ఇల్లు చేరేసరికి సుమారు పదిహేను నెలలు పట్టింది. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. అలాంటి ప్రయాణంలో అలసిన బాటసారికి భూమాతే నీళ్లు కాచి ఇస్తే, అంతకు మించిన ఆతిథ్యం ఏముంటుంది?

అటువంటి ఆతిథ్యం మన గోదావరీతీరంలోనే ఉంది. భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో గుండాల అనే గ్రామం ఉంది. అక్కడ నది ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరుతుంది. శీతకాలంలో త్రిమూర్తులు అక్కడ స్నానమాడతారని జనుల విశ్వాసం. ఇటువంటి చోట్లను ఉష్ణగుండాలు అంటారు. సంస్కృతంలోని 'కుండం' తెలుగులో 'గుండం' అయింది.

ఈ నీటిని కాచేదెవరు? మన ఇబ్రహీంపట్నం పరిసరాలలో కూడా చలికాలపు తెల్లవారుజామున బోరునీరు వెచ్చగా తగులుతుంది. అయితే అది నిజమైన వేడి కాదు. భూమి లోపలి నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది; బయటి గాలి చల్లబడటం వల్ల నీరు వెచ్చగా తోస్తుంది. అదే నీరు వేసవి మధ్యాహ్నం చల్లగా అనిపిస్తుంది.

ఉష్ణగుండం సంగతి వేరు. భూమిలోనికి దిగేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. వాననీరు రాతిపగుళ్ల గుండా చాలా లోతుకు ఇంకి, అక్కడ వేడెక్కి, వ్యాకోచించి తేలికవుతుంది. లోపలి ఒత్తిడి దానిని పైకి నెడుతుంది. పెద్ద పగులు దొరికితే నీరు చల్లారకముందే నేలపైకి వస్తుంది. గోదావరి లోయలో భూపటలం పగుళ్ల నడుమ కుంగి, కోట్ల సంవత్సరాల పాటు ఇసుకరాయి, బొగ్గు పొరలతో నిండింది. ఆ పగుళ్లే వేడినీటికి దారులు. మణుగూరు సమీపంలోని పగిడేరులో బోర్ల నుండి వేడినీరు దానంతటదే పైకి ఉబుకుతుంది. ఆ వేడితో విద్యుత్తును ఉత్పత్తి చేసేందుకు సింగరేణి సంస్థ 2020వ దశకంలో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది.

గోరువెచ్చని నీటిలో కూర్చున్నప్పుడు రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. నీరు దేహభారాన్ని మోయడం వల్ల కీళ్లకు ఊరట కలుగుతుంది. బాటసారి అలసట తీరడానికి కారణమిదే. అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. దిగేముందు నీటి వేడిని పరీక్షించాలి. పది, పదిహేను నిమిషాలకు మించి ఉండరాదు. హృద్రోగులు, గర్భిణులు వైద్యుని సలహా లేనిదే దిగరాదు. వెచ్చని మంచినీటిలో ప్రమాదకరమైన అమీబా ఉండవచ్చు. అది ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది గనుక తల ముంచరాదు.

నీరు మన దేహానికి చేసే హాని కంటె మనం నీటికి చేసే హాని పెద్దది. దీనికి ఆస్ట్రేలియా నిదర్శనం. అక్కడ సింప్సన్ ఎడారి అంచున డల్‌హౌసీ ఊటలున్నాయి. రోజుల తరబడి ఎర్రమట్టి దారుల్లో వాహనాలు నడిపినవారు అక్కడ గుడారాలు వేసుకొని, 34 నుండి 38 డిగ్రీల నీటిలో సేదదీరుతారు. ఆ నీరు సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన భూగర్భ జలనిధి నుండి వస్తుంది. అందులో కొంత భాగం పది లక్షల సంవత్సరాలకు పూర్వపు వాననీరు. 1878 నుండి పశుపోషకులు ఆ జలనిధిలోనికి వేలాది బోర్లు వేశారు. అనేక బోర్లకు మూతలు లేక నీరు రాత్రింబవళ్లు వృథాగా పారింది. లోపలి ఒత్తిడి తగ్గి ఎన్నో ఊటలు ఎండిపోయాయి. 1999లో ప్రభుత్వాలు బోర్లకు మూతలు బిగించే పథకాన్ని చేపట్టాయి. ఆ తరువాత పలుచోట్ల ఒత్తిడి మరల పెరిగింది.

ఈ కథ మనకు కొత్తది కాదు. బోర్లు లోతుకు దిగినకొద్దీ ఊటబావులు ఎండిన వైనం మీ తాతలను అడిగితే చెబుతారు. నీటిని తోడినంత శ్రద్ధగా ఇంకించడం కూడా నేర్చుకోవాలి. మనం నిమిషాలలో అనుభవించే వెచ్చదనాన్ని భూమి ఎన్నో తరాల పాటు కాచింది. బాటసారి అలసట తీర్చుకొని వెళ్లిపోతాడు. వెనుక వచ్చేవానికి కూడా ఆ ఊట మిగలాలి. ఆతిథ్యం పొందినవారు పాటించవలసిన ధర్మం అదే.