తెక్కలకోట గుట్ట మీద ఒక పూట

మన సిరుగుప్పలో మిల్లుకు సెలవొస్తే ఏం చేస్తాం? మగోళ్లు మధ్యాహ్నం దాకా పడుకుంటారు. ఆడోళ్లకు వారం రోజుల బట్టలు కాచుకోనుంటాయి. పిల్లోళ్ల చేతికి ఫోను. యాడికన్నా పోదామంటే హంపి అనో, మంత్రాలయం అనో అనుకుంటాం. ఇంటిల్లిపాదికీ చార్జీలు, తిండీ లెక్కేసి ఊరుకుంటాం.

దగ్గర్లోనే, సగం పూటలో పోయి రాగలిగే చోటు ఒకటుంది. తెక్కలకోట గుట్టలు. ఈసారి ఉగాది మర్నాడు మిల్లు తెరవలేదు. హమాలీ పని చేసే మా ఆయన, గోతాలు కుట్టే నేను, ఇద్దరు పిల్లలు, మా అత్త కలిసి పోయాం. అత్తకు అరవై దాటినాయి. "ఈ వయసులో గుట్టెక్కి ఏం సాధించాలమ్మే?" అంటానే చీర చెంగు బిగించింది.

బళ్లారికి పోయే బస్సు తెక్కలకోట మీదుగానే పోతుంది. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడోళ్లకు సర్కారు ఆర్డినరీ బస్సుల్లో టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చూపించి మేం ముగ్గురం ఉత్తగానే ఎక్కినాం. డబ్బు పెట్టింది మా ఆయనకూ పిల్లోడికీ మాత్రమే. సద్దిగా జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, ఒక సీసాలో మజ్జిగ, మూడు సీసాల నీళ్లు. దిగినాక బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం.

గుట్టంటే భయపడొద్దు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి సందుల్లోంచి పశువుల కాపర్లు నడిచే దారి పట్టుకుంటే చాలు, నిదానంగా ఎక్కొచ్చు. ఇది చెట్లు చిగురేసే కాలం. గానుగ లేతాకులు ఎండకు మెరుస్తా ఉన్నాయి. వేపపూత వాసన గాలిలో నిండుకుంది. సీతాఫలం పొదలు మాత్రం ఇంకా కట్టెల్లాగే ఉన్నాయి. పొద్దున్నే రాయి చల్లగా ఉంటుంది, చెప్పులిప్పి నిలబడితే హాయి. మూడు చోట్ల కూచోని, నాలుగోసారి మా అత్త గట్టిగా గాలి పీల్చుకొని, "ఊక దుమ్ము లేని గాలి ఇట్లుంటుందా!" అనింది. ముప్పై ఏండ్లు మిల్లులో నూకలు జల్లించిన మనిషి ఆమె.

పైకి పోయేకొద్దీ గుండ్ల నడుమ చదునైన జాగాలు కనిపిస్తాయి. అవి ఉత్త జాగాలు కావు. 1963-64లో పూనా దక్కన్ కాలేజీ తరఫున ఎం.ఎస్. నాగరాజరావు గారు ఈ గుట్టల మీద తవ్వకాలు చేశారు. తర్వాతి కాలంలో ఆయన దేశం మొత్తం పురావస్తు శాఖకు పెద్ద అధికారి అయినారు. సుమారు 3,500 ఏండ్ల కిందట ఈ చదును జాగాల్లో మనుషులు గుండ్రటి గుడిసెలు వేసుకొని బతికినారని తవ్వకాల్లో తేలింది. రాతి గొడ్డళ్లు, మట్టికుండలు, కొంచెం రాగి, కొంచెం బంగారం కూడా దొరికినాయి. ఆ పాత గుడిసెలు ఎట్లుండేవో తెలుసుకోను ఆయన చూసింది యాడనుకుంటారు? తెక్కలకోటలోని బోయోళ్ల ఇండ్లను. ఆ కాలపు అలవాట్లు కొన్ని వాళ్లలో ఇంకా నిలిచి ఉన్నాయని 1965లో రాసినారు కూడా. ఇది యాడనో రాజుల కథ కాదు, మన పక్కింటోళ్ల కథ.

ఒక బండ మీద నున్నగా అరిగిన గుంట ఉంది. మా పాప అందులో నీళ్లు పోసి ఆడుకుంటా ఉంటే అత్త వంగి చెయ్యి పెట్టి చూసింది. "ఇది వానకు అరిగింది కాదు, చేతులకు అరిగింది. మా అమ్మ రోలు ఇట్లే ఉండేది" అనింది. ఆమె మాట ఉత్తది కాదు. బళ్లారి చుట్టుపక్కల రాతియుగం గుట్టల మీద ఇట్లాంటి నూరుడు గుంటలు చాలా చోట్ల ఉన్నాయి. ఆ గుట్టల మట్టిని జల్లించి చూస్తే మాడిపోయిన ఉలవలు, పెసలు, అండుకొర్రల లాంటి చిరుధాన్యాలు బయటపడినాయి. తుంగభద్ర కాలువ నీళ్లతో సోనామసూరి పండించి బాయిలర్లు పెట్టుకున్నది మనం. మన కన్నా చాలా ముందే ఇక్కడ గింజలు నూరే పని నడిచింది. దంచినోళ్ల పేర్లు యాడా లేవు. వాళ్ల చేతులు అరగదీసిన రాయి మాత్రం ఉంది.

అక్కడే ఇంకో గుండు మీద ఎవరో సున్నంతో పేరు రాసుకొని పక్కన గుండె బొమ్మ గీసినారు. అది చూసి మా పిల్లోడు కూడా ఒక రాయి ఏరుకున్నాడు. వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకొనింది. "మన ఇంట్లో రోలు మీద ఎవరన్నా గీకితే ఊరుకుంటామా? ఇది కూడా ఎవరిదో రోలే నాయనా" అనింది. వాడు రాయి పారేసి ఆ గుంటలో తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

ఈ ముక్క మన పిల్లోళ్లకు చెప్పాల్సింది మనమే. ఇట్లాంటి గుట్టల్లో రాతి మీద ఎద్దుల బొమ్మలు కూడా ఉంటాయి, పాతకాలపోళ్లు రాయితో కొట్టి చెక్కినవి. ఒక్క పేరు గీకితే మూడు వేల ఏండ్ల గుర్తు చెడిపోతుంది. కంకర కోసం ఒక గుండు పగలగొడితే అది మళ్లీ రాదు. కాపలా పెట్టడం మన చేతుల్లో లేకపోవచ్చు. మన పిల్లోళ్ల చేతుల్ని ఆపడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

పోవాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. పొద్దు పొడిచేలోపు బయలుదేరండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాల. చెప్పుల కన్నా బూట్లు మేలు. ముండ్లూ, తేళ్లూ ఉంటాయి, గుండ్ల కింద చేతులు పెట్టొద్దు. బళ్లారి వైపు గుట్టల్లో చిరుతలు, ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి ఒంటరిగా పోవద్దు, సాయంత్రం అసలే పోవద్దు. కింద ఊరోళ్లను ఒక మాట అడిగి ఎక్కండి. ముసలోళ్లు ఉంటే సగం దాకా చాలు, అక్కడి నుంచే పొలాలన్నీ పచ్చగా కనిపిస్తాయి. తిన్న కవర్లు, సీసాలు తిరిగి సంచిలో వేసుకోండి. గుంట మీద చెయ్యి పెట్టి చూడండి, గీతలు మాత్రం పెట్టొద్దు. తొమ్మిదిన్నరకల్లా దిగిపోండి. పది దాటితే బండ పెనం మాదిరి కాలుతుంది.