మాస్కో కాగితాల్లో మన అడవి పోరాటం

పాల్వంచ: తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్లు 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ ప్రకటించే నాటికి గోదావరి ఒడ్డు అడవుల్లో దళాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆపమన్నది ఎవరు? ఈ ప్రశ్న ఆనాటి నుంచీ ఇల్లెందు, పాల్వంచ, భద్రాచలం ప్రాంతాల రచ్చబండల మీద నలుగుతూనే ఉంది. రష్యా తుపాకులు దారిలో ఉండగా ఆపేశారని కొందరు, నెహ్రూకు, స్టాలిన్‌కు లోపాయికారీ ఒప్పందం కుదిరిందని కొందరు, నాయకుల్లోనే పోలీసు మనుషులున్నారని మరికొందరు చెప్పుకుంటూ వచ్చారు. తర్వాత వచ్చిన విప్లవ వర్గాలు ఏకంగా ద్రోహమే అన్నాయి.

ఈ తగాదాను తేల్చగల కాగితాలు స్టాలిన్ సొంత దస్త్రాల్లో నలభై ఏళ్లు తాళం కింద ఉండిపోయాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిన తర్వాత అక్కడి దస్త్రాలు బయటపడసాగాయి. ఢిల్లీ నుంచి వెలువడే ‘రెవల్యూషనరీ డెమొక్రసీ’ పత్రిక 2006లో ఆ సంభాషణను ఇంగ్లీషులో అచ్చువేసింది.

చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ అనే నలుగురు రహస్యంగా మాస్కో వెళ్లారు. మొదటి ఇద్దరూ పోరాటం సాగాలన్నవారు, తక్కిన ఇద్దరూ అది తప్పుదారి అన్నవారు. అంటే తగువు మన ఇంట్లోనే పుట్టింది, పెద్దమనిషి దగ్గరకు తీర్పుకు వెళ్లింది. 1948 సెప్టెంబరులో సైన్యం హైదరాబాదు వచ్చాక ఇక ఆపాలని రావి నారాయణరెడ్డి అప్పుడే వాదించారు. ఆయనకు ఆ మాట మాస్కో చెప్పలేదు కదా!

1951 ఫిబ్రవరి 9న స్టాలిన్ వారి ప్రశ్నలకు జవాబులిచ్చాడు. చైనా సైన్యం మంచూరియా చేరాక దాని వీపుకు సోవియట్ దేశం ఆసరాగా నిలిచిందని, భారత్‌కు అలాంటి ఆసరా లేదని, గెరిల్లా పోరు ఒక్కదాన్నే నమ్ముకుంటే గెలుపు రాదని ఆయన మాటల సారాంశం. ఇది ఆదేశం కాదు, సలహా మాత్రమేనని కూడా అన్నాడు. అయితే ఆ రోజుల్లో స్టాలిన్ సలహాను కాదనగల కమ్యూనిస్టు ఎవరుంటారు? ఒప్పందమూ, అమ్మకమూ ఆ కాగితాల్లో కనిపించవు. అంతమాత్రాన మాస్కో మాటకు బరువు లేదనీ చెప్పలేం.

మన దళాల వెనుక ఉన్నదల్లా గోదావరి. దాటితే అప్పటి మద్రాసు రాష్ట్రం, అక్కడా పోలీసులే. దళాలకు గింజలు, ఉప్పు అందకుండా కోయ గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్క శిబిరాల్లో కుక్కారు. మలయాలో బ్రిటిష్ వారు 1950లో మొదలుపెట్టిన బ్రిగ్స్ పథకం వంటిదే ఇది. పోరాటంలో 4,000 మంది చనిపోయారని, 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాశారు. మాస్కోలో నలుగురు కూర్చుని మాట్లాడుతున్న ఆ ఫిబ్రవరిలో కూడా ఇక్కడ పోరు ఆగలేదు. ప్రకటన రావడానికి ఇంకా ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో అడవిలో పోయిన ప్రాణాలెన్నో అడగాలంటే మాస్కో వెళ్లనక్కరలేదు.

ఖమ్మం జిల్లా 1953 వరకు వరంగల్లులో భాగం. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉంది. అందుచేత ఏరు దాటిన ఒక దళం సంగతి కోసం రెండు రాష్ట్రాల పాత దస్త్రాలు తిరగేయాల్సి వస్తుంది. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. గూడేల్లో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఆనాటి జైలు విడుదల చీటీ, శిబిరం కాగితం ఉంటే చెదలు పట్టకముందే ఫొటో తీయించి పెట్టుకోవడం మేలు.