మీకు తెలుసా? ఒంట్లో రక్తం తిరుగుతుందని తేల్చింది ఒక గుణకారం

తిన్న ఆహారం నుంచి కాలేయం ఎప్పటికప్పుడు కొత్త రక్తం తయారుచేస్తుందని, శరీరం దాన్ని వాడేసుకుంటుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన మాటను యూరప్ వైద్యులు వెయ్యేళ్లకు పైగా నమ్మారు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే దాన్ని లెక్కతో ఎదుర్కొన్నాడు. నేటి అంకెలతో మీరూ వేసి చూడండి: గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి 70 సార్లు, అంటే గంటకు దాదాపు 300 లీటర్లు పంపుతుంది. పెద్దవారి ఒంట్లో ఉన్నదే సుమారు 5 లీటర్లు! గంటగంటకూ అంత రక్తం తిండి నుంచి పుట్టడం అసాధ్యం. ఉన్న రక్తమే మళ్లీ గుండెకు చేరుతూ ఉండాలి. మరి ధమనుల నుంచి సిరల్లోకి దారేది? న్యాయమైన ప్రశ్నే, ఆ దారి హార్వేకు కనబడలేదు. అయినా చేతికి కట్టు కట్టి, సిరల్లోని కవాటాలు రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని చూపాడు. ధమనులను సిరలతో కలిపే ఆ దారిని, అంటే సన్నని రక్తకేశనాళికలను, 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో చూశాడు.