పిలవని పేరంటం

2004 అక్టోబరు 19వ తేదీ. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో నార్విచ్ అనే పట్టణం. అక్కడి ఒక పాఠశాలలో ఏడవ తరగతి పిల్లలకు ఆనాడు వారి ఉపాధ్యాయునికి బదులుగా ఒక తాత్కాలిక ఉపాధ్యాయిని వచ్చింది. గదిలోని కంప్యూటరును ఆపవద్దని ఆమెకు ముందుగానే చెప్పి ఉంచారు. ఆమె కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఇద్దరు పిల్లలు ఆ యంత్రం ముందు చేరి, జుట్టు అలంకరణ గురించిన పేజీ ఏదో చూస్తున్నారు. మరి కాసేపటికి తెరమీద ఒక అశ్లీల చిత్రం ప్రత్యక్షమైంది. ఆమె దాన్ని మూసింది. మరొకటి వచ్చింది. దాన్నీ మూస్తే ఇంకొకటి. నేల రాలిన ప్రతి నెత్తుటి బొట్టు నుంచీ కొత్త రాక్షసుడు లేచిన రక్తబీజుని కథ వలె, మూసిన కొద్దీ అవి పుట్టుకు వస్తూనే ఉన్నాయి.

పిల్లలు కొందరు ఆ చిత్రాలు చూడనే చూశారు. సంగతి పోలీసుల దాకా వెళ్లింది. బాలల నైతికతకు హాని కలిగించిందన్న అభియోగంపై 2007 జనవరిలో జ్యూరీ ఆమెను నాలుగు నేరాలలో దోషిగా తేల్చింది. వాటికి గరిష్ఠ శిక్ష మొత్తం 40 ఏళ్ల జైలు.

అప్పుడు కదిలారు కంప్యూటరు నిపుణులు. ఆ యంత్రంలో ఉన్నది కాలం చెల్లిన విండోస్ 98; రక్షణ సాఫ్టువేరుకు గడువు తీరిపోయింది; యజమానికి తెలియకుండా చొరబడే వేగు ప్రోగ్రాములు, అనగా 'స్పైవేర్', అందులో తిష్ఠ వేసి ఉన్నాయి. పోలీసులు ఆ కోణంలో యంత్రాన్ని పరీక్షించనే లేదు. 2007 జూన్‌లో న్యాయమూర్తి తిరిగి విచారణకు ఆదేశించారు. 2008 నవంబరులో కేసు ముగిసేనాటికి ఆమె ఒక చిన్న తప్పిదాన్ని అంగీకరించి, 100 డాలర్లు జుల్మానా చెల్లించి, ఉపాధ్యాయ అర్హతాపత్రాన్ని వదులుకున్నది. జైలు తప్పింది గాని వృత్తి దక్కలేదు.

తెరమీద కనిపించేదంతా ఎదుట కూర్చున్న మనిషి కోరి తెచ్చుకున్నదేనన్న నమ్మకమే ఇంతకూ కారణం. ఈ నమ్మకం మన ఇళ్లలోనూ ఉన్నది. హాల్లోని కంప్యూటరులో జూదపు ప్రకటనో, అంతకన్న అసభ్యమైనదో కనపడగానే తండ్రి ముందుగా అనుమానించేది కొడుకునే. కుర్రవాడు నిజమే చెప్తుండవచ్చు.

ఈ ఉపద్రవానికి పుట్టుక కొంత విచిత్రమైనది. 1990 దశకంలో 'ట్రైపాడ్' అనే సంస్థ ఎవరైనా సొంత పేజీలు పెట్టుకోవడానికి చోటిచ్చేది. ఒక కార్ల కంపెనీ ప్రకటన అసభ్యమైన పేజీ మీద ప్రచురితమై ఆ కంపెనీ బెంబేలెత్తింది. పేజీతో అంటు లేకుండా, ప్రకటనను వేరొక చిన్న కిటికీలో చూపిద్దామని ఈథన్ జకర్‌మన్ అనే ఉద్యోగి కోడు రాశాడు. అసభ్యతకు దూరంగా ఉండటానికి కనిపెట్టిన ఉపాయమే తరువాత అసభ్యతకు వాహనమైంది! 2014లో ఆయన 'అట్లాంటిక్' పత్రికలో వ్యాసం రాసి, ఇందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ వ్యాపారంలో అంత పని చేసినవారు అరుదు.

వేగు ప్రోగ్రాములు కొంచెం వెనుకగా వచ్చాయి. 'గేటర్' అనే ప్రోగ్రాము పాస్‌వర్డులు గుర్తుంచుకుంటానని, ఫారాలు తానే నింపుతానని ఉచితంగా దొరికేది. ప్రతిఫలంగా మనిషి చూసే పేజీలను కనిపెట్టి, ఇతరుల పేజీల మీద తన ప్రకటనలు కప్పేది. 2002లో వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికల యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. మరుసటి ఏడు వ్యవహారం రాజీలో తేలింది. కంపెనీ పేరు కూడా 'క్లారియా' అయింది.

కిటికీల బెడద ఇప్పుడు చాలావరకు తగ్గింది; 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన సవరణ మొదలుకొని బ్రౌజర్లన్నీ వాటిని అడ్డుకుంటున్నాయి. కాని మొదటి తలుపు మూస్తే రెండోది తెరుచుకున్నది. 2015 నుంచీ క్రోమ్‌లో ఏ వెబ్‌సైటైనా 'నోటిఫికేషన్లు పంపవచ్చునా?' అని అనుమతి కోరవచ్చు. వార్తాపత్రికకూ బ్యాంకుకూ అది ఉపయోగమే. మోసగాళ్లు దాన్నే వాడుకుంటున్నారు: 'మీరు రోబోటు కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అంటారు. ఒకసారి నొక్కితే చాలు, ఆ పేజీ మూసినా తెర కుడిమూల నుంచి 'మీ కంప్యూటరులో అయిదు వైరస్‌లు' అంటూ చీటీలు వస్తూనే ఉంటాయి. చూడబోతే ఇంట్లో వైరస్ ఒక్కటీ ఉండదు. ఉన్నది మనం ఇచ్చిన అనుమతి.

అందుచేత శుభ్రత అక్కడ మొదలుపెట్టాలి. బ్రౌజరు సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'సైట్ సెట్టింగ్స్', అందులో 'నోటిఫికేషన్స్' తెరిస్తే అనుమతి పొందినవారి జాబితా కనబడుతుంది. ముక్కూ మొహం తెలియని పేరు ప్రతిదాన్నీ తీసివేయవచ్చు. చాలా ఇళ్లలో సగం బాధ ఇక్కడికే తీరుతుంది. తరువాత 'ఎక్స్‌టెన్షన్లు' చూడాలి. కూపన్లు వెతికిపెట్టేది, పీడీఎఫ్ మార్చేది, వీడియో దించేది అంటూ చేరిన వాటిలో ఎవరు ఎందుకు పెట్టారో ఇంట్లో ఎవరూ చెప్పలేని దాన్ని తొలగించాలి. ఇంటి కంప్యూటరులోని బ్రౌజరు 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని చెబుతున్నదంటే, ఏ ఆఫీసూ పెత్తనం చేయని చోట ఆ పెత్తందారు ఎవరని అనుమానించాలి.

అప్పటికీ తగ్గకపోతే ప్రోగ్రాముల జాబితాను తేదీల వరుసన పేర్చి చూడటం మేలు. బాధ మొదలైన నాడే దిగిన అపరిచితులు ఒకచోట కనిపిస్తారు. ఉచిత సాఫ్టువేరు దించుకునేటప్పుడు 'ఎక్స్‌ప్రెస్' అన్న మీట నొక్కి, ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్లను చదవకపోవడం వల్ల వచ్చినవి ఇవి. పెళ్లికొడుకు వెంట వచ్చిన తోడిపెళ్లికొడుకుల వంటివారు. వాళ్లను పంపివేయడానికి మర్యాద చూడనక్కరలేదు. అంతా కొత్త యంత్రంలోనే వచ్చిన సందర్భమూ ఉన్నది: 2014లో అమ్మిన కొన్ని లెనోవో లాప్‌టాప్‌లలో 'సూపర్‌ఫిష్' అనే ప్రకటనల ప్రోగ్రాము కంపెనీయే పెట్టి పంపింది. అది బ్యాంకు పేజీలకుండే రహస్య లంకెను సైతం బలహీనపరచేదని 2015 ఫిబ్రవరిలో బయటపడింది.

'మొరిగే కుక్క కరవదు' అన్న సామెత ఇక్కడ సగమే నిజం. ప్రకటనలు చూపేది మొరుగుతుంది. మీటల నొక్కుళ్లు నమోదు చేసి పాస్‌వర్డులు దొంగిలించేది సద్దు చేయదు. 'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నది దానికి సరిగ్గా వర్తిస్తుంది. విండోస్‌లోనే ఉన్న డిఫెండరుతో పూర్తి తనిఖీ చేయించాలి. దానిలోనే 'ఆఫ్‌లైన్ స్కాన్' అనేది ఉన్నది: విండోస్ లేవకముందే యంత్రాన్ని తనిఖీ చేస్తుంది కాబట్టి దాగినవాటికి దాక్కునే వ్యవధి ఉండదు. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017లో ప్రారంభించిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' కూడా శుద్ధి సాధనాలను ఉచితంగా ఇస్తున్నది. ఇవేవీ ఫలించకపోతే ఫొటోలు, కాగితాలు వేరే చోట భద్రపరచుకుని విండోస్‌ను మొదటి నుంచీ తిరిగి ఎక్కించడమే ఉత్తమం. విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ యంత్రాలను ఎంత కడిగినా మురికి తిరిగి చేరడం సులభం.

చేయకూడనిది ఒకటున్నది. తెరంతా ఎర్రబారి, సైరను మోగుతూ, 'వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని వస్తే ఫోను చేయకూడదు. మైక్రోసాఫ్టు తన హెచ్చరికలలో ఫోను నంబరు ఇవ్వదు. ఆ పెట్టెమీది × గుర్తు కూడా బొమ్మే కావచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒక్కసారి నొక్కి, టాస్క్ మేనేజరులో బ్రౌజరును ఆపివేయాలి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు రప్పించమంటే వద్దనాలి.

భయపెట్టి అమ్మడం పాత వ్యాపారమే. లేని రోగాలు చూపి 'విన్‌ఫిక్సర్' వంటి మందులు అమ్మిన ముఠా పది లక్షల మందికి పైగా మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో ఆరోపించింది. ఆ నంబర్ల అవతలి గొంతు తరచు మన దేశానిదే కావడం సిగ్గుపడవలసిన విషయం. 2018 నవంబరులో గురుగ్రామ్, నోయిడా పోలీసులు ఇటువంటి కాల్ సెంటర్లు 16 సోదా చేశారు. 2023 అక్టోబరులో 'ఆపరేషన్ చక్ర-2' పేరిట సీబీఐ 76 చోట్ల సోదాలు జరిపింది. విదేశీయులను సాంకేతిక సహాయం పేరిట దోచినవారూ అందులో ఉన్నారు. అమెరికాలోని మన తెలుగు కుటుంబాల పెద్దలకూ ఆ ఫోనులు వెళ్లగలవు.

ఒకవేళ ఫోను చేయడం, 'ఎనీడెస్క్' వంటి ప్రోగ్రాము ద్వారా కంప్యూటరును వాళ్ల చేతికివ్వడం జరిగిపోయి ఉంటే, సిగ్గుపడి దాచకుండా ముందు ఇంటర్నెట్టు తీగ పీకాలి, లేదా వైఫై ఆపాలి. తరువాత బ్యాంకుకు చెప్పాలి. 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో నిలిచే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులన్నీ మార్చాలి, కాని ఆ కంప్యూటరు నుంచి కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి. ముందుగా మార్చవలసింది ఈమెయిలుది. మిగిలిన వాటి తాళాలు చాలావరకు దాని గుండానే తెరుచుకుంటాయి.