నలుగురి చెవులకూ ఒకే యాంటెన్నా

కిన్నెరసాని దాటాక అడవి అంచున, భద్రాచలం దారిలో ఒక ఊరు. నవమి పందిరి. నేలకొండపల్లిలో పుట్టిన మన రామదాసు కీర్తనలు పాడటానికి నలుగురు వచ్చారు. నలుగురి చెవుల్లోనూ వైర్‌లెస్ ఇయర్ మానిటర్లు. మైక్‌సెట్ కుర్రాడు సాయంత్రం ఒక్కో సెట్టూ వేసి చూస్తే శుభ్రంగా పలికాయి. రాత్రి నాలుగూ ఒకేసారి ఆన్ చేయగానే మూడో గాయకుడి చెవిలో ఒకటే బరబర. ఆయన ఇయర్‌ఫోన్ పీకేసి, శ్రుతి కోసం పక్కవాళ్ల వైపు చెవి ఒగ్గి పాడారు. ఆ అవస్థ చూడలేకపోయాను.

తప్పు సెట్లది కాదు. బల్లమీద నాలుగు ట్రాన్స్‌మిటర్ల యాంటెన్నాలు జానెడు ఎడంలో నిలబడి ఉన్నాయి. ఒకదాని తరంగం పక్కదాని యాంటెన్నాలోంచి లోపలికి దూరి, అక్కడి యాంప్లిఫయర్‌లో కలగలిసి, మనం పెట్టని ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. 518, 520 మెగాహెర్ట్జ్ మీద రెండు సెట్లు నడిస్తే 516, 522 దగ్గర దొంగ సిగ్నళ్లు లేస్తాయి. వరస బాగుందని మూడో సెట్టును 522 మీద పెట్టామా, అంతే సంగతులు.

దీనికి విరుగుడు కంబైనర్. దాని పుట్టుక పాటల పందిళ్లలో జరగలేదు. అమెరికా ఇంజినీరు ఎర్నెస్ట్ విల్కిన్‌సన్ 1960లో ఒక సిగ్నల్‌ను సమంగా పంచే పరికరాన్ని ప్రకటించాడు. ఆయన చేసి చూపిన నమూనాకు 8 దారులు. దాన్ని తిప్పి వాడితే పంచేది కాస్తా కలిపేది అవుతుంది.

రెండు సెట్లకే చూద్దాం. ఒక్కో ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా దగ్గరి కూడలి దాకా పావు తరంగం పొడవు దారి ఉంటుంది. 500 మెగాహెర్ట్జ్ దగ్గర, గాలిలో, అది 15 సెంటీమీటర్లు. ట్రాన్స్‌మిటర్ల నడుమ 100 ఓమ్‌ల రెసిస్టర్. మొదటి సెట్టు సిగ్నల్ రెండో దానిలోకి చొరబడాలంటే రెండు దోవలు: రెసిస్టర్ గుండా అడ్డంగా, కూడలి మీదుగా చుట్టూ తిరిగి. చుట్టుదోవలో రెండు పావులూ కలిసి అర తరంగం వెనకబడుతుంది కాబట్టి అటునుంచి వచ్చేది తలకిందులై వస్తుంది. రెండో సెట్టు గుమ్మం దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క రెసిస్టర్, రెండు తీగ ముక్కలు. ఇంత పొదుపైన కాపలా నేను ఇంకెక్కడా చూడలేదు.

ఖర్చు మాత్రం ఉంది. ఫ్రీక్వెన్సీలు వేరైనందున సగం శక్తి వేడిగా పోతుంది. నాలుగు సెట్లు కలిపితే మిగిలేది పావే. అందుకే ఇయర్ మానిటర్ల కోసం చేసే చాలా కంబైనర్లలో ఆ లోటు పూడ్చే యాంప్లిఫయర్లు ఉంటాయి. బదులుగా నాలుగు యాంటెన్నాలు పోయి ఒక్కటే మిగులుతుంది. దాన్ని బల్లమీద నుంచి తీసి, జనం తలలకు పైగా, గాయకులకు ఎదురుగా కట్టుకోవచ్చు. నీటితో నిండిన మనిషి ఒళ్లూ, పచ్చికొమ్మల పందిరీ ఈ తరంగాలను మింగుతాయి. మా వైపు పందిళ్లలో ఆ రెండింటికీ కొదవ లేదు.

మైక్‌సెట్ తమ్ముళ్లకు ఒక మాట. మూడు సెట్లు దాటితే కంబైనర్ అద్దెకైనా తెచ్చుకోండి. ఫ్రీక్వెన్సీలను సమాన ఎడంలో పెట్టకండి. అన్ని సెట్లూ ఒకేసారి ఆన్ చేసి చూశాకే పాడేవాళ్లను పిలవండి.