చీకట్లో లాంతరు

మా అమ్మమ్మది కాకినాడ. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిననాటికి ఆవిడకు పన్నెండేళ్ళు. వీధి వీధంతా బళ్ళు కట్టుకుని పల్లెటూళ్ళకు ఎలా పరుగెత్తిందో, పెనం మీది అట్టు పెనం మీదే వదిలేసి ఎలా బయటపడ్డారో ఆవిడ చెబుతూంటే, పిల్లలం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. కథ ఎప్పుడు చెప్పినా చివర ఒకే మాట అనేది: "విమానాలు అందరికీ కనపడ్డాయి నాన్నా! అవి లేచిన ఓడ మాత్రం ఎవరి కంటా పడలేదు."

కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకు యుద్ధనౌకల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. అమ్మమ్మ మాటే దీనికంతకూ కారణం. ఎవరికీ కనపడని ఆ ఓడలు తాము మాత్రం చీకట్లో ఎలా చూసేవి? ఈ ప్రశ్న పట్టుకుని కొన్నేళ్ళుగా దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాను. చదవగా చదవగా ఒక ఓడ కథ నా మనసులో నిలిచిపోయింది.

అమ్మమ్మ చెప్పిన విమానాలు లేచిన ఓడ ర్యూజో. దాని వెంట బంగాళాఖాతంలోకి వచ్చి, మన తూర్పు తీరాన వర్తకపు ఓడల్ని ముంచిన క్రూజర్లలో ఒకదాని పేరు మొగామి. ఆ దండులో ఏ ఓడ మీదా రాడార్ లేదు. దుర్భిణీలూ, కళ్ళూ, అంతే.

ఒక రాత్రి పొరపాటు

రెండు నెలలు తిరిగాయి. 1942 జూన్ 5 తెల్లవారుజాము. పసిఫిక్ సముద్రంలో మిడ్వే దీవి దగ్గర నాలుగు జపాను క్రూజర్లు వరసగా పోతున్నాయి. ముందున్న కుమానోకు అమెరికన్ జలాంతర్గామి ఒకటి కనిపించింది. వెంటనే ఎడమకు తిరగమని సంజ్ఞ ఇచ్చింది. కటిక చీకటి. ఎవరు ఎంత తిరిగారో, ఎవరికి ఎవరు ఎంత దూరాన ఉన్నారో తేల్చుకునేలోగానే మొగామి పోయి తన జట్టు ఓడ మికుమాను గుద్దింది. మొగామి ముక్కు నుజ్జయింది. మికుమా నూనె కార్చుకుంటూ సాగింది. మర్నాడు అమెరికన్ విమానాలు వచ్చి మికుమాను ముంచాయి. మొగామి చావు తప్పి బయటపడింది.

విచిత్రమేమంటే, దీనికి కొద్ది వారాల ముందే, 1942 మే నెలలో, జపాను నౌకాదళం రెండు పెద్ద యుద్ధనౌకల మీద రాడార్ పరీక్షించి చూసింది. ఇసే మీద ఒకటిన్నర మీటరు తరంగాలతో పనిచేసేది, హ్యూగా మీద 10 సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసేది. రెండోదే నీటి మీది ఓడల్ని వెతకడానికి పుట్టిన రాడార్. తరవాత దానికి "22వ రకం" అని పేరు స్థిరపడింది. పరీక్షలో అది 35 కిలోమీటర్ల దూరాన ఉన్న యుద్ధనౌకను పసిగట్టింది. అయితే ఈ రెండు ఓడలూ మిడ్వే దగ్గర అసలు పోరులో లేవు. అక్కడ మునిగిన నాలుగు విమానవాహక నౌకల మీదా రాడార్ లేదు.

పెరటి చెట్టు

జపానుకు ఈ విద్య రాకనా? అదేం కాదు. సెండాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో 1926లో ఉదా, యాగి అనే ఇద్దరు ఆచార్యులు ఒక కొత్త ఏంటెన్నా కనిపెట్టారు. మొన్నమొన్నటిదాకా మన డాబాల మీద టీవీ కోసం చేపముల్లులా నిలబడి ఉండేదే, అదే అది. జపాను సైన్యం దాన్ని పట్టించుకోలేదు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయినప్పుడు, బ్రిటిషువారి రాడార్ గురించి రాసుకున్న నోటుపుస్తకం ఒకటి జపాను నిపుణుల చేతికి చిక్కింది. అందులో మాటిమాటికీ "యాగి" అనే మాట వస్తున్నది. అదేమిటో వారికి అంతుపట్టలేదు. చివరకు ఖైదీగా చిక్కిన సైనికుణ్ణి అడిగితే, అది మీ దేశపు ఆచార్యుడి పేరే అని అతను చెప్పాడట!

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా?

ఇంకొక చెట్టూ ఉంది పెరట్లో. 10 సెంటీమీటర్ల తరంగాలను బలంగా పుట్టించే మాగ్నెట్రాన్ అనే గొట్టం ఈ రాడార్‌కు గుండెకాయ. బర్మింగ్‌హామ్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు 1940 ఫిబ్రవరిలో దాన్ని పనిచేయించారని లోకమంతా చెప్పుకుంటుంది. కాని 1939 లోనే యోజి ఇతో అనే నౌకాదళ శాస్త్రజ్ఞుడూ, నిహోన్ ముసెన్ కంపెనీలో పనిచేసే ఆయన తమ్ముడు షిగేరు నకజిమా కలిసి, నీళ్ళతో చల్లబరిచే మాగ్నెట్రాన్ చేసి 500 వాట్లు పుట్టించారు. వస్తువు ఇంట్లోనే ఉంది. దానితో ఏం చేయాలో ఇంటివారికి తోచలేదు.

తోచకపోవడానికి ఒక కారణం ఉంది. చీకట్లో రాడార్ వాడటమంటే లాంతరు పట్టుకుని నడవడమే, మనకేదో కనిపించేలోగా శత్రువుకు మనమే కనిపిస్తాం, అని జపాను నౌకాధికారులు అనేవారట. మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. రాడార్ విడిచే తరంగాన్ని ఎదుటివాడు పట్టగలడు. అదీగాక రాత్రి పోరుకు వారు తయారుచేసుకున్న కళ్ళు మామూలు కళ్ళు కావు. ఏరి కోరి తీసుకున్న కాపలావాళ్ళు, 12 సెంటీమీటర్ల అద్దాలున్న భారీ దుర్భిణీలు, ఏళ్ళ తరబడి సాధన.

ఆ సాధన ఫలించింది కూడా. 1942 ఆగస్టు 8-9 రాత్రి సావో దీవి దగ్గర, రాడార్ లేని జపాను క్రూజర్లు నాలుగు శత్రు క్రూజర్లను ముంచాయి. దారిలో కాపలా ఉన్న బ్లూ అనే అమెరికన్ డిస్ట్రాయరు మీద రాడార్ ఉంది. జపాను కాపలావాళ్ళు బ్లూను చూశారు. బ్లూ వాళ్ళను చూడలేదు! ఇలాంటి గెలుపు తరవాత లాంతరు మాట ఇంకా గట్టిపడకుండా ఉంటుందా?

ప్రతిధ్వని లెక్క

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఈ యంత్రం ఎలా చూస్తుందో చెప్పుకుందాం. బావిలోకి తొంగి కేక వేస్తే తిరిగి వినిపిస్తుంది గదా! రాడార్ వేసేదీ కేకే, కాని రేడియో తరంగంతో. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 15 కిలోమీటర్ల దూరాన ఉన్న ఓడకు తగిలి తిరిగి రావడానికి సెకనులో పదివేలవ వంతు చాలు. ఆ కాస్త వ్యవధిని కొలిస్తే దూరం తెలుస్తుంది. ఏంటెన్నా ఎటు తిరిగి ఉన్నదో చూస్తే దిక్కు తెలుస్తుంది. తరంగం పొట్టిదైనకొద్దీ చిన్న ఏంటెన్నాతోనే సన్నని పుంజం తీయవచ్చు. అందుకే 10 సెంటీమీటర్ల పట్టుదల.

జపాను 22వ రకానికి రెండు బాకాల్లాంటి కొమ్ములు ఉండేవి. ఒకటి కేక వేయడానికి, ఒకటి వినడానికి. బలం 2 కిలోవాట్లు. అదే పొడుగు తరంగంతో పనిచేసే అమెరికన్ ఎస్.జి. రాడార్ బలం 50 కిలోవాట్లు. అయినా అసలు తేడా బలంలో లేదు. ఎస్.జి. తెర మీద చుట్టూ ఉన్న సముద్రమంతా పటంలా కనిపించేది. నడుమ తాను, చుట్టూ ఓడలు చుక్కలుగా, తీరం గీతగా. జపాను తెర మీద కనిపించేది ఒక అడ్డగీత, దాని మీద ఒక మిట్ట. ఆ మిట్ట ఓడా, కొండా, కెరటమా అన్నది చూసేవాడు పోల్చుకోవాలి. పైగా వినే యంత్రం నిలకడ లేనిది. మాటిమాటికీ శ్రుతి చేస్తూ ఉండాలి. 1944లో సూపర్ హెటిరోడైన్ రిసీవర్ పెట్టాకగాని అది కుదుటపడలేదు.

ఈలోగా కాలం ఆగలేదు. 1942 అక్టోబరులో కేప్ ఎస్పెరెన్స్ దగ్గర అమెరికన్ క్రూజరు హెలెనా, సుమారు 25 కిలోమీటర్ల దూరం నుంచే జపాను ఓడల్ని ఎస్.జి. తెర మీద చూసింది. జపాను అడ్మిరల్ గోతో, గుండ్లు వచ్చి పడుతున్నా తమవాళ్ళే పొరపాటున కాలుస్తున్నారనుకున్నాడట. ఆ పోరులోనే గాయపడి మరణించాడు. 1943 ఆగస్టులో వెల్లా అఖాతంలో నాలుగు జపాను డిస్ట్రాయర్లు పోతూంటే, చీకటి మాటున రాడార్ చూపుతో వదిలిన టార్పెడోలు మూడింటిని ముంచేశాయి. అమెరికన్ ఓడలకు గీత కూడా పడలేదు. ఏరి కోరి పెంచుకున్న కళ్ళు ఇక చాలలేదు.

మళ్ళీ మొగామి

మొగామిని 1943లో బాగుచేసి సముద్రం మీదికి తెచ్చారు. ఈసారి దానికి రాడార్ వచ్చింది. తరవాత 22వ రకమూ అమర్చారు. కళ్ళొచ్చాయి గదా, ఇక బతికిపోయినట్టే అనుకుంటాం.

1944 అక్టోబరు 25 తెల్లవారకముందు, ఫిలిప్పీన్స్‌లో సూరిగావ్ జలసంధి. జపాను అడ్మిరల్ నిషిమురా ఏడు ఓడలతో లోపలికి వచ్చాడు. మొగామి అందులో ఉంది. అవతల ఆరు అమెరికన్ యుద్ధనౌకలు అడ్డంగా నిలిచి ఉన్నాయి. వెస్ట్ వర్జీనియా 38 కిలోమీటర్ల దూరాన రాడార్ మీద జపాను ఓడల్ని పట్టి, దగ్గరకు రానిచ్చి, సుమారు 21 కిలోమీటర్ల దూరంలో ఫిరంగులు పేల్చింది. మొగామి వంతెన మీద గుండు పడి కెప్టెను మరణించాడు. ఏడింటిలో చివరకు మిగిలింది షిగురె ఒక్కటే.

నన్ను కలవరపెట్టినది ఆ తరవాతి అరగంట. వెనకనే మరో జపాను దళం వచ్చింది. నాచి, అషిగరా అనే రెండు క్రూజర్లు తమ రాడార్ మీద శత్రువులు కనిపించారని 16 టార్పెడోలు వదిలాయి. అక్కడ ఉన్నది శత్రువు కాదు, హిబుసోన్ అనే చిన్న దీవులు! తరవాత నాచి పక్కకు తిరుగుతూ, మండుతున్న మొగామిని చూసింది. నిలిచిపోయి ఉన్నదనుకుంది. మొగామి మెల్లగా నడుస్తూనే ఉంది. రెండూ ఢీకొన్నాయి. తెల్లవారాక విమానాలు వచ్చి మొగామిని మళ్ళీ కొట్టాయి. ఇక లాభం లేదని తమ డిస్ట్రాయరే దాన్ని టార్పెడోతో ముంచింది.

కళ్ళు లేనప్పుడు ఒకసారి ఢీ. కళ్ళొచ్చాక మరోసారి ఢీ. నేను అక్షరాలు నేర్పేవాణ్ణి. అక్షరాలు గుర్తుపట్టడం వేరు, చదవడం వేరు అని ప్రతి ఏడూ పిల్లలకు చెబుతూంటాను. తెర మీది మిట్టనుంచి కొండనూ ఓడనూ విడదీయడం చదువే. జపానుకు ఆ పుస్తకం ఆలస్యంగా దొరికింది. చదవడం నేర్చుకునే వ్యవధి దొరకలేదు.

ఈనాటి సంగతి

యుద్ధం ముగిసింది. అన్న ఇతో 1947లో సొంత కంపెనీ పెట్టి ఓడలకు రేడియో పరికరాలు చేశారు. 1954లో జపాను కొత్త నౌకారక్షణ దళం ఏర్పడింది. మొదట అమెరికన్లు ఇచ్చిన ఓడలూ, వాటి రాడార్లే దిక్కు. రానురాను సొంతవి వచ్చాయి. ఓ.పి.ఎస్.-28 వంటివి నీటిని రాసుకుంటూ వచ్చే క్షిపణిని కూడా కనిపెట్టడానికి తయారైనవి. 2022లో నౌకాదళంలో చేరిన ఒక కొత్త ఫ్రిగేటుకు మొగామి అనే పేరే పెట్టారు. దాని రాడార్ ఓ.పి.వై.-2 నలుదిక్కులా బల్లపరుపు ముఖాలతో, తిరగకుండానే చూస్తుంది. ఓడ లోపల గది గోడ చుట్టూ తెర. సముద్రం అంతా ఆ గోడ మీదనే.

ఇది చదివి సంతోషిస్తూంటే ఇంకొకటి గుర్తుకొచ్చింది. 2008 ఫిబ్రవరి 19 తెల్లవారుజామున, చీబా తీరానికి దూరంగా, ఆటాగో అనే అత్యాధునిక జపాను యుద్ధనౌక సెయితోకు మారు అనే చేపల పడవను ఢీకొన్నది. పడవలో ఉన్న తండ్రీ కొడుకులు మళ్ళీ దొరకలేదు. 2009లో విచారణ సంఘం ఓడ మీద పహరా చాలలేదని, ప్రధాన తప్పు ఓడదేనని తేల్చింది. కోర్టులు మాత్రం పడవ నడకనే తప్పుపట్టి, 2011లోనూ 2013లోనూ ఇద్దరు అధికారులను నిర్దోషులన్నాయి. తప్పెవరిదన్నది చెప్పడానికి నేనెవణ్ణి? ఒడ్డున ఎదురుచూసిన ఇంటికి ఏ తీర్పు వస్తేనేం?

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఈ కథంతా చెప్పి, "నీకు కనపడని ఓడల్లో ఒకటి ఇదేనే" అనేవాణ్ణి. ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. చిన్నప్పుడు లాంతరు నా చేతికిచ్చి పెరట్లోకి పంపేటప్పుడల్లా అనే మాటే అనేది: "దీపం వంక కాదు నాన్నా, కాళ్ళ కింద చూసుకుని నడు."